నేల టికెట్టు నుంచి హాలు ఓనరు కుర్చీ దాకా: జురాసిక్ పార్క్ గేముల కథ

(గేమ్ డిజైన్ చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? మైకు కాస్త కీచుమంటోంది, సర్దుకుపోదాం.

సినిమాల మీద తీసిన గేములు ఎందుకు బాగోవో చెప్పమని మీ మాస్టారు నన్ను పిలిచారు. నేను ఒప్పుకోలేదు. బాగోని వాటి గురించి గంటసేపు మాట్లాడితే మీకూ నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఒక్క సినిమానే పట్టుకుంటాను. జురాసిక్ పార్క్. డైనోసార్లని మళ్ళీ పుట్టించి ఒక దీవిలో పార్కు పెడితే, అవి కంచె దాటి మనుషుల మీద పడే కథ. మైకేల్ క్రైటన్ 1990లో రాసిన నవల, స్పీల్‌బర్గ్ తీస్తే 1993 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. ఆ ఏడాదీ, ఆ పై ఏడాదీ కలిపి దీని మీద వచ్చిన గేములు ఏడెనిమిదికి తక్కువ కావు. ఇప్పుడంటే మీరు ఒక గేమ్ చేసి దాన్నే పీసీకీ, ప్లేస్టేషన్‌కీ, ఫోనుకీ సర్దుతారు. అప్పుడలా కాదు. పేరు ఒకటే, అట్ట మీద ఎముకల గూడు బొమ్మ ఒకటే. లోపల చూస్తే దేనికదే వేరే గేమ్.

ఎందుకలా అంటే, హక్కులు ముక్కలుగా అమ్ముడుపోయాయి. నింటెండో యంత్రాలకీ, ఇంట్లో వాడే కంప్యూటర్లకీ ఇంగ్లండులోని మాంచెస్టర్‌కి చెందిన ఓషన్ సాఫ్ట్‌వేర్ గేములు చేసింది. సెగా తన యంత్రాలకి తనే చేయించుకుంది. ఇది వ్యాపారం సంగతి. అంతకంటే ముఖ్యం, ఒక యంత్రానికి వచ్చింది ఇంకో యంత్రానికి రాదు. ఒకటి బొమ్మల్ని చకచకా కదుపుతుంది, ఇంకోటి మెల్లగా గిరగిరా తిప్పుతుంది, మరోదానికి సీడీ ఉంది కాబట్టి వీడియో చూపిస్తుంది.

నేను దీన్ని ఎప్పుడూ మన పాత సినిమా హాలుతో పోల్చుకుంటాను. మీలో ఎంతమంది చూశారో గానీ, నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని నాలుగు తరగతులుండేవి. తెర ఒక్కటే. కానీ నేల టికెట్టువాడు చూసే సినిమా వేరు, బాల్కనీలోవాడు చూసే సినిమా వేరు. నేలలో కూర్చుంటే హీరో ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి! (నవ్వులు) ఈ గేములన్నీ అంతే. పార్కు ఒక్కటే, మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే తేడా. ఇవాళ నేను చెప్పబోయేది ఆ సీటు గురించే.

ముందు సినిమాలో ఒక లెక్క చూడండి. సినిమా నిడివి 127 నిమిషాలు. అందులో డైనోసార్లు తెర మీద కనపడేది మొత్తం ఓ పదిహేను నిమిషాలు. మిగతాదంతా ఏమిటి? గ్లాసులో నీళ్ళు వణకడం. కంచె తీగలు తెగిన చప్పుడు. ఆకులు కదలడం. చూపించకుండా భయపెట్టడం స్పీల్‌బర్గ్ విద్య. ఆ విద్య గేములో చెల్లదు. గంటకి ఐదు రూపాయలిచ్చి కూర్చున్న కుర్రాడికి నలభై నిమిషాలు గ్లాసులో నీళ్ళు చూపిస్తే రిమోట్ విసిరేసి పోతాడు. వాడికి స్టార్ట్ నొక్కగానే డైనోసారు కావాలి. కాబట్టి ఈ గేములు చేసినవాళ్ళకి మొదటిరోజు నుంచే చిక్కు. సినిమాకి ప్రాణం దాచడంలో ఉంది, వీళ్ళేమో దాచకూడదు.

ఐదు రూపాయలని ఊరికే అనలేదు, ఆ కుర్రాణ్ణి నేనే. మా ఊళ్ళో బస్టాండు వెనక ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు డబ్బాలు. అవి అసలైన నింటెండో కావు, దాన్ని చూసి చేసిన నకలు యంత్రాలు. పసుప్పచ్చ క్యాసెట్లు. కార్ట్రిడ్జ్ అనే మాట నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది, మాకవి క్యాసెట్లే. జురాసిక్ పార్క్ అక్కడే ఆడాను, ఓషన్ చేసిన ఎనిమిది బిట్ల గేమ్. పైనుంచి చూస్తున్నట్టు అడవి, మధ్యలో చిటికెన వేలంత డాక్టర్ గ్రాంట్, సినిమాలో హీరో అయిన శిలాజ శాస్త్రవేత్త. గుడ్లు ఏరాలి, కార్డులు సంపాదించి తలుపులు తెరవాలి, టిమ్, లెక్స్ అనే పిల్లలిద్దర్నీ కాపాడాలి.

ఆ యంత్రానికి ఒక అడ్డంకి ఉంది. తెర మీద ఒక గీత వెంబడి ఎనిమిదికి మించి స్ప్రైట్లు చూపించలేదు. స్ప్రైట్ అంటే కదిలే చిన్న బొమ్మముక్క. ఒక జంతువుకి నాలుగు ముక్కలు పట్టాయనుకోండి, రెండు జంతువులు పక్కపక్కన నిలబడేసరికి కోటా అయిపోతుంది. మూడోది వస్తే ఏవో కొన్ని ముక్కలు మాయం. అందుకని ప్రోగ్రామర్లు ఒక క్షణం వీటినీ ఒక క్షణం వాటినీ మార్చి మార్చి చూపిస్తారు. అది మన కంటికి మినుకుమినుకుమన్నట్టు ఉంటుంది. టీవీ పాడైందనుకుని మా షాపాయన దాని నెత్తిన రెండు దెబ్బలు వేసేవాడు. ఒక్కోసారి ఆ క్షణానికే జంతువు చచ్చి మినుకు ఆగేది. మాకు దెబ్బ పనిచేసినట్టే! (నవ్వులు)

ఈ చిన్న గేములో రెండు విషయాలు చూడండి. ఒకటి గుడ్లు. పార్కులో ఉన్నవన్నీ ఆడవే, పిల్లలు పుట్టే అవకాశమే లేదని సినిమాలో సైంటిస్టులు ధీమాగా ఉంటారు. గ్రాంట్ అడవిలో పగిలిన గుడ్డుపెంకులు చూస్తాడు. చాలా నిశ్శబ్దంగా ఉండే సీను అది, కథ మొత్తం అక్కడ తిరగబడుతుంది. గేములవాళ్ళ చేతికొచ్చేసరికి అవే గుడ్లు మారియోలో నాణేలైపోయాయి. ఎక్కడ చూస్తే అక్కడ గుడ్లే, ఏరుకో. ఎనిమిది బిట్ల గేములో గుడ్లు, సూపర్ నింటెండోలో గుడ్లు, సెగా సీడీలోనూ గుడ్లే. వేరే వేరే టీములు ఒకే పని చేశాయి. గేముకి ఏరుకునే వస్తువు కావాలి, సినిమా మొత్తం వెతికితే వాళ్ళకి దొరికింది అదొక్కటే.

రెండోది డైలోఫోసారస్. మెడ చుట్టూ గొడుగులాంటి తోలు విప్పి, విషం ఉమ్మే జంతువు. నిజం డైలోఫోసారస్ విషం ఉమ్మిందనడానికి శిలాజాల్లో ఏ ఆధారమూ లేదు, ఆ గొడుగుకీ లేదు. అది ఆరేడు మీటర్ల పెద్ద జంతువు, సినిమాలో కురచ చేశారు. సైన్సు పరంగా తప్పే. కానీ గేములకి అదొక వరం. దూరం నుంచి ఏదో ఒకటి విసిరే శత్రువు లేకపోతే యాక్షన్ గేమ్ నడవదు. మిగతా డైనోసార్లన్నీ దగ్గరకొచ్చి కరిచేవే. ఇదొక్కటి ఉమ్ముతుంది. క్రైటన్ ఊహించింది గేముల కోసం కాదు గానీ, ఆయన ఊహలో గేమువాళ్ళకి ఎక్కువ పనికొచ్చింది ఆ ఉమ్మే.

సూపర్ నింటెండో గేముకి వద్దాం. ఇదీ ఓషన్‌దే, 1993దే, కానీ ఆశ చాలా పెద్దది. బయట అడవిలో ఉన్నంతసేపూ పైనుంచి చూస్తారు. అది బాల్కనీ. ఏ వైపు నుంచి ఏమొస్తోందో కనపడుతుంది. గ్రాంట్ ఒక భవనం తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే ఆట మారిపోతుంది. ఇప్పుడు గ్రాంట్ కళ్ళతో చూస్తాం. ఎదురుగా నడవా, మలుపు, చీకటి. ఆ మలుపు అవతల రాప్టర్, అంటే సినిమాలో మనుషుల్ని వేటాడే ఆ చురుకైన డైనోసారు, ఉందో లేదో తెలియదు. బాల్కనీ నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చి తెర ముందు నేల మీద పడేసినట్టు!

1993 అంటే, ఇలాగే హీరో కళ్ళతో చూస్తూ చకచకా పరిగెత్తి కాల్చే పీసీ గేముల్లో వుల్ఫెన్‌స్టైన్ వచ్చి ఏడాది దాటింది, డూమ్ ఆ డిసెంబరులో వచ్చింది. ఆ రెండూ ఆడిన చేతులకి ఈ నడవాలు నత్తనడక. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్, దానితో గోడలు గీయించడం ఎద్దుతో రైలు లాగించడమే. గోడలు ఆగి ఆగి కదులుతాయి. నా మటుకు నాకు ఆ నెమ్మదే కలిసొచ్చింది. పారిపోదామంటే పారిపోలేం. సినిమాలో వంటగది సీను గుర్తుందా, పిల్లలు స్టీలు బల్లల వెనక నక్కుతారు? అంత ఉక్కిరిబిక్కిరి ఆ ఏడాది వచ్చిన గేముల్లో నాకు ఇక్కడే దొరికింది. ఇందులో సినిమాకి సంగీతం చేసిన జాన్ విలియమ్స్ బాణీ వినపడదు, జొనాథన్ డన్ అనే ఆయన సొంతంగా చేసిన సంగీతం ఉంది. అది వేరేగా హాయిగా ఉంటుంది.

ఒక్క ఘోరం మాత్రం క్షమించలేను. ఈ గేములో సేవ్ లేదు. పాస్‌వర్డూ లేదు. దీవి అంతా తిరిగి, భవనాల్లో అంతస్తులు ఎక్కి దిగి, కంప్యూటర్లు ఆన్ చేసి, రాప్టర్ గూడు ఖాళీ చేసి, అన్నీ ఒకే కూర్చోవడంలో ముగించాలి. గంటలు పడుతుంది. ఇది చేసినవాళ్ళెవరికీ కరెంటు కోత అంటే ఏమిటో తెలియదని మనకి అర్థమైపోతుంది. (నవ్వులు) 2023లో, సినిమాకి ముప్ఫయ్యేళ్ళు నిండిన సందర్భంగా, ఈ పాత గేముల్ని లిమిటెడ్ రన్ గేమ్స్ సంస్థ ఒక సంపుటిగా ఇప్పటి యంత్రాలకి తెచ్చింది. అందులో ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. నేను అందులోనే పూర్తి చేశాను. సిగ్గేమీ పడలేదు.

సెగా మెగా డ్రైవ్‌కి వచ్చింది కాలిఫోర్నియాలోని బ్లూస్కై సాఫ్ట్‌వేర్ చేసిన గేమ్. పక్కనుంచి చూసేది, ఎడమ నుంచి కుడికి ఉరుకుతూ దూకుతూ పోయేది. గ్రాంట్‌గా ఆడితే మత్తు సూదులు కాలుస్తూ, తీగలు పట్టుకుని పాకుతూ పోవాలి. అడుగడుక్కీ తడబడతాడు, ఎత్తు నుంచి పడితే విరుగుతాడు. ఇంతవరకూ మామూలే. మెనూలో ఇంకో పేరుంటుంది, రాప్టర్. దాన్ని ఎంచుకుంటే మనమే రాప్టర్.

ఇది ఎంత పెద్ద తెగింపో ఆలోచించండి. సినిమాలో రాప్టర్‌కి ఏమనిపిస్తోందో మనకెప్పుడూ చెప్పరు, అది భయపెట్టే వస్తువు, అంతే. ఇక్కడ దాని ఒంట్లోకి దూరిపోతాం. గ్రాంట్ ఎక్కలేక ఆపసోపాలు పడ్డ అడవే, దీనికి ఒక్క గెంతు. మాంసం దొరికితే తిని ఒంట్లో బలం తెచ్చుకుంటుంది. మనుషులు తుపాకులు పట్టుకుని ఎదురొస్తారు, వాళ్ళు ఇప్పుడు శత్రువులు. రాప్టర్ దారి గ్రాంట్ దారికంటే పొట్టిది, తేలిక కూడా. తేలికగా ఉండటమే సరైంది. ఆ దీవిలో మనిషి ఎంత బలహీనుడో గ్రాంట్‌గా ఆడినప్పుడు అర్థం కాదు, రాప్టర్‌గా ఆడినప్పుడు అర్థమవుతుంది. హాల్లో కూర్చున్న ఏ సీటు నుంచీ కనపడని కోణమిది, తెర వెనక నుంచి జనాన్ని చూడటం. 1993 గేముల్లో నా ఓటు దీనికే.

సెగా సీడీ గేమ్ గురించి రెండు మాటలే. నెమ్మదిగా తిరుగుతూ, వస్తువుల మీద నొక్కుతూ ఆడేది. ఏడు జాతుల గుడ్లు తెచ్చి పొదిగే యంత్రంలో పెట్టాలి, అందుకు పన్నెండు గంటల గడువు, గడియారం నిజంగానే తిరుగుతూ ఉంటుంది. డైనోసార్లు సోమరి బల్లులు కావని ఏళ్ళ తరబడి వాదించిన రాబర్ట్ బాకర్, అసలు సిసలు శిలాజ శాస్త్రవేత్త, వీడియోలో కనిపించి పాఠాలు చెబుతాడు. రాప్టర్ తరుముతున్న ఆటలో క్లాసు చెప్పించిన గేమ్ ఇదొక్కటే అనుకుంటాను. డాస్, అమిగా కంప్యూటర్లకి ఓషన్ చేసినవి సూపర్ నింటెండో దారిలోనే పోతాయి, వాటి జోలికి పోను. 3డీఓ అనే ఇంకో గేమ్ యంత్రానికి వచ్చింది చిన్న చిన్న ఆటల మూట. దాన్ని మూటగానే వదిలేద్దాం.

1994లో సెగా ఆర్కేడ్ యంత్రం దించింది, అంటే గేమ్ సెంటర్లలో నాణెం వేసి ఆడేది. పెద్ద డబ్బా, లోపల ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. ఆ డబ్బాని పార్కులో తిరిగే టూరు బండి వెనక భాగంలా చేశారు. చేతిలో మీటలు, వాటితో గురిపెట్టి కాల్చడమే పని. సీటు కుదుపుతుంది. బండి దారి మనచేతిలో లేదు, అదే పోతుంది. చాలామంది దీన్ని లోపమంటారు. నేనొప్పుకోను. సినిమాలో ఆ బండ్ల కథ ఏమిటి? పట్టాల మీద అవే నడుస్తాయి, లోపలున్నవాళ్ళు ఆపలేరు, తిప్పలేరు. సినిమాని అచ్చంగా పట్టుకున్నది ఈ డబ్బానే. కథ లేదు, సంభాషణ లేదు. సీటు ఉంది, వెనక తరుముకొస్తున్న టీ రెక్స్ ఉంది. బండికి అంతకంటే ఏం కావాలి?

1997లో రెండో సినిమా వచ్చింది, ది లాస్ట్ వరల్డ్. ఈసారి స్పీల్‌బర్గ్ వాళ్ళ సొంత కంపెనీ డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్ ప్లేస్టేషన్‌కి గేమ్ చేసింది. మొదట మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారంటే, కాంప్సోగ్నాథస్‌లో. అది కోడిపెట్టంత జంతువు. ఫెర్న్ ఆకు మనకి చెట్టంత కనిపిస్తుంది. నేల టికెట్టు అంటే ఇదీ. అక్కడి నుంచి వేటగాడు, రాప్టర్, టీ రెక్స్ అని సీటు ఎత్తు పెరుగుతూ పోతుంది. ఐడియా అద్భుతం. కానీ ఆడనివ్వదు, అంత కష్టం. జనం మొత్తుకుంటే, మరుసటి ఏడాది కాస్త తేలిక చేసి స్పెషల్ ఎడిషన్ అని మళ్ళీ దించారు. దీని సంగీతాన్ని నిజమైన ఆర్కెస్ట్రాతో వాయించారు. కన్సోల్ గేములకి అప్పట్లో అది అరుదు. ఆ బాణీలు కట్టిన కుర్రాడి పేరు మైకేల్ జియాకీనో. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2015లో జురాసిక్ వరల్డ్ సినిమాకి సంగీతం చేసింది ఆయనే. గేమ్ తలుపు నుంచి లోపలికొచ్చి సినిమా గర్భగుడిలోకి వెళ్ళిన మనిషి.

ఇక ట్రెస్‌పాసర్. ఈ పేరు విన్నవాళ్ళు చేతులెత్తండి. ముగ్గురు. చాలు. 1998లో పీసీకి వచ్చింది, ఇదీ డ్రీమ్‌వర్క్స్ ఇంటరాక్టివ్‌దే. నడిపించినవాడు సీమస్ బ్లాక్లీ. ఫిజిక్స్ చదివి ఆ రంగంలో పనిచేసి వచ్చినవాడు. తర్వాత మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌బాక్స్ పుట్టుకకి కారకుల్లో ఒకడయ్యాడు. ఇక్కడ మనం యాన్ అనే అమ్మాయి. విమానం కూలి దీవిలో ఒంటరిగా పడింది. తెర మీద ఒక్క అంకె ఉండదు. ప్రాణం ఎంత మిగిలిందో తెలియాలంటే తల వంచి తన ఛాతీ మీద పచ్చబొట్టు చూసుకోవాలి. అది హృదయం ఆకారంలో ఉంటుంది, దెబ్బ తగిలేకొద్దీ నిండుతుంది. తుపాకీలో గుళ్ళెన్ని ఉన్నాయో ఆమే నోటితో గొణుగుతుంది. అన్నిటికంటే వింత, ఆమె కుడి చెయ్యి. అది మౌసుతో మనమే ఆడించాలి. మణికట్టు తిప్పాలి, చాచాలి, పట్టుకోవాలి, వదలాలి.

అప్పట్లో ఈ గేముని చీల్చి చెండాడారు. అన్యాయం కూడా కాదు. చెయ్యి విరిగినట్టు వంకరపోతుంది, తుపాకీ గోడకి తగిలి జారిపోతుంది, డైనోసార్లు కల్లు తాగినట్టు తూలుతాయి, మంచి కంప్యూటరు మీద కూడా బొమ్మ నత్తలా నడుస్తుంది. వాళ్ళ పథకం మాత్రం వినండి. ప్రతి డైనోసారుకీ ఆకలి, భయం, కోపం లాంటివి ఉండాలి, వాటిని బట్టి అది ఏం చెయ్యాలో తనే తేల్చుకోవాలి. దాని కాళ్ళు ముందే గీసిన బొమ్మలు కాకూడదు, ఫిజిక్స్ లెక్కల్లోంచి అప్పటికప్పుడు పుట్టాలి. పెట్టెకి బరువుండాలి, తోస్తే దొర్లాలి. ఇవాళ మీ గేమ్ ఇంజిన్లో ఒక టిక్కు పెడితే వచ్చేస్తాయే, అవన్నీ వాళ్ళు చేత్తో రాశారు. యంత్రం మోయలేని కలని దాని నెత్తిన పెట్టారు. నాకీ గేమంటే ప్రేమే. ఆడమంటే మాత్రం గంటకి మించి ఆడలేను. రెండూ నిజమే.

(సభలోంచి ఒక ప్రశ్న: జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్ గురించి చెప్పండి సార్.)

వస్తున్నానమ్మా, అక్కడికే వస్తున్నాను. 2003లో మెల్‌బోర్న్‌లోని బ్లూ టంగ్ అనే స్టూడియో ఆపరేషన్ జెనెసిస్ చేసింది. అందులో మనం పరిగెత్తం, కాల్చం. పార్కు కడతాం. శిలాజాలు తవ్వించి, అంబరు, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు, తెప్పించి, డీఎన్ఏ పోగుచేసి, గుడ్డు పొదిగించి, కంచె వేసి, టికెట్టు ధర పెట్టి, జనం కోసం ఎదురుచూస్తాం. ఇప్పుడు మనం ప్రేక్షకులం కాదు, హాలు ఓనరు కుర్చీలో కూర్చున్నాం. అంటే సినిమాలో ఆ పార్కు కట్టించిన జాన్ హామండ్ కుర్చీ. 2018 నుంచి ఇంగ్లండులోని ఫ్రాంటియర్ వాళ్ళ ఎవల్యూషన్ గేములు ఈ దారినే పట్టాయి.

ఈ కుర్చీలో ఒక కొంటెతనం ఉంది. సినిమా మొత్తం ఆ ముసలాయన్ని తప్పు పడుతుంది. డబ్బుకి లోటు చేయలేదని గొప్పలు చెప్పుకుని, కంప్యూటర్ల పని అంతా ఒక్క ఉద్యోగి నెత్తిన పెట్టి, అతనికి సరిగ్గా జీతం ఇవ్వని మనిషి. సినిమా చూసినంతసేపూ మనం ఆయన్ని తిట్టుకుంటాం. అదే ఈ గేములో కూర్చోండి. నెలాఖరుకి డబ్బు తక్కువైతే మొట్టమొదట దేనికి కోత పెడతారు? నేను కంచెలకి పెట్టాను. గాలివాన వచ్చింది, కంచె పడింది, రాప్టర్లు బయటికొచ్చాయి, జనం పరుగులు. నాకేమనిపించిందో తెలుసా? జనం ప్రాణాల గురించి కాదు. పార్కు రేటింగ్ పడిపోతుందే అనిపించింది.

లెగో గేమూ, టెల్‌టేల్ వాళ్ళు 2011లో ఎపిసోడ్లుగా తెచ్చినదీ ఉన్నాయి. వాటికివాళ టైము లేదు, మీ మాస్టారు గడియారం చూస్తున్నారు.

ముగించేముందు మీకో పని. హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్ ఉంది కదా. అందులో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. జియలాజికల్ సర్వేకి చెందిన పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. సుమారు తొమ్మిది మీటర్ల పొడవు, ఆకులు మేసే జంతువు. సినిమా పేరులో జురాసిక్ ఉంది గానీ అందులోని టీ రెక్సూ, రాప్టరూ ఆ తర్వాతి క్రెటేషియస్ కాలానివి. మన కోటాసారస్ మాత్రం అసలు జురాసిక్. కరవదు, ఉమ్మదు, ఎవర్నీ తరమదు. గేమువాళ్ళ లెక్కలో దమ్మిడీకి పనికిరాదు.

దాని మీద గేమ్ చేయాలి. ప్రోగ్రామింగ్ వద్దు, ఒక్క పేజీ చాలు. మొదటి వాక్యంలో మాత్రం ఆడేవాడు ఎక్కడ ఉన్నాడో రాయండి. దాని కాళ్ళ దగ్గరా, వీపు మీదా, గుడ్డులోనా, ఎముకలు తవ్వుతున్న కూలీ పక్కనా, మీ ఇష్టం. వెళ్ళి ఓ అరగంట దాని చుట్టూ తిరిగి చూసి రండి. ఆదివారం పోకండి, పిల్లల గోలలో ఏమీ కనపడదు. కాగితాలు వచ్చే శనివారంకల్లా మీ మాస్టారి టేబుల్ మీద ఉండాలి.